దేవదారు పలకల భోషాణము

రైతు గృహమున ధాన్యమునకు గాదె యెట్లో, పట్టుబట్టలకును, ఉన్ని కంబళ్ళకును, భూమి పత్రములకును భోషాణ మట్లు. ఇనుప బీరువాలు వచ్చిన పిదప భోషాణములు మూలకు చేరినవి గాని వాని యుపయోగము తీరిపోలేదు. దేవదారు కఱ్ఱతో చేయించిన పెట్టెలో పురుగు చేరదని పలువురు నమ్ముదురు. ఆ నమ్మకములో సత్య మెంతయో, మితవ్యయముతో అట్టి పెట్టెను చేయించుకొను విధ మెట్టిదో సభ్యులకు విన్నవింపదలచితిమి.

కఱ్ఱను గుర్తించుట

నిజమైన దేవదారు హిమాలయ పర్వతములందు పెరుగు మహావృక్షము. దాని చేవకు చెద సులభముగా పట్టదు. కాశ్మీరమున నీటిపై నుండు పడవయిండ్లను దీనితోనే కట్టుదురు. మన యూళ్ళలో బాటల వెంబడి నిటారుగా పెరుగు నరమామిడిని కొందఱు దేవదారని పిలుతురు గాని అది వేఱు చెట్టు. దాని కఱ్ఱకు ఆ పరిమళము లేదు. అమెరికావారు పెట్టెలకు వాడు ‘రెడ్ సీడారు’ కూడ జూనిపరు జాతిది. కావున పేరు విని కొనరాదు. పలకను కొంచెము చిత్రిక పట్టించి వాసన చూడవలెను. తెల్లకొయ్యలో తైలము తక్కువ. పసుపువన్నె కలిసిన గోధుమరంగు చేవనే యేరుకొనవలెను.

సువాసన చేయు మేలు

బట్టలను కొఱుకునది ఎగిరెడు చిమ్మట గాదు, దాని పిల్లపురుగు. అమెరికా వ్యవసాయశాఖవారు 1922లో రెడ్ సీడారు పెట్టెలను గూర్చి తమ పరిశోధనను ప్రకటించిరి. అప్పుడే గ్రుడ్డు వెడలిన చిన్న పురుగులు ఆ పెట్టెలలో చచ్చుచున్నవనియు, గ్రుడ్లకును ఎదిగిన పురుగులకును అంత హాని కలుగుటలేదనియు తేలినది. కాలము గడచినకొలది వాసన తగ్గును గనుక ఆ బలమును తగ్గును.

దీనివలన మనము గ్రహింపవలసినది యొక్కటే: సువాసన సహాయము మాత్రమే, అసలు రక్షణ శుభ్రత, బిగువు. బట్టలను ఉతికి, ఎండలో ఆరవైచి, మడతలు విప్పి దులిపి, పిమ్మటనే లోన పెట్టవలెను. గ్రుడ్లున్న కంబళిని దాచినచో ఎంతటి దేవదారైనను కాపాడజాలదు.

పలకల లెక్క

పెట్టె యంతయు దేవదారుతో చేయించుట వృథా వ్యయము. వెలుపలి పెట్టెను ముప్పాతిక అంగుళము మందముగల టేకుతోనో, వేపతోనో చేయించి, లోపల అఱ అంగుళపు దేవదారు పలకలు తాపడము చేయించిన చాలును. లోకొలత పొడవు 4 అడుగులు, వెడల్పు 1½ అడుగు, లోతు 1½ అడుగు ఉన్నచో తాపడమునకు 28½ చదరపుటడుగులు పట్టును. అనగా సుమారు 1¼ ఘనపుటడుగు. కోతలోను చిత్రికలోను పోవు తరుగుతో 1½ ఘనపుటడుగు కొనవలెను. నలుగురు సభ్యులు కలిసి 6 ఘనపుటడుగులు ఒకేసారి తెప్పించుకొన్నచో బండికూలి పంచుకొనవచ్చును.

పనితీరు

పచ్చికఱ్ఱ పనికిరాదు. పలకల నడుమ పుల్లలుంచి, నీడలో పేర్చి ఆరబెట్టవలెను. అంగుళము మందమునకు ఏడాది యనునది వాడుక లెక్క. మూలలు కుసులతో బిగింపించవలెను. తాపడపు పలకలకు ఒక అంచున గాడి, రెండవ అంచున నాలుక తీయించి, ఒక్క అంచున మాత్రమే ఇత్తడి మేకులు కొట్టించవలెను. వానకాలమున కఱ్ఱ ఉబ్బును, వేసవిని కుంచించును. రెండంచులు బిగించిన పలక పగులును.

లోపల వార్నీషుగాని రంగుగాని పూయరాదు; పూసినచో తైలపు ఆవిరి వెలువడదు. వాసన తగ్గినప్పుడు గరుకు కాగితముతో లోతట్టు తేలికగా రుద్దించిన మరల వచ్చును. కఱ్ఱనూనె మరకపడకుండ పట్టుబట్టలను, పత్రములను తెల్లని నూలుగుడ్డలో చుట్టవలెను. పెట్టెను కాళ్ళపై నిలిపి, గోడకు జానెడు ఎడముగా నుంచవలెను. బియ్యము, పప్పు ఇందు పోయరాదు, వాసన పట్టును.

పిల్లల విషయమై హెచ్చరిక

మూత బిగువుగా నుండవలె నంటిమి. ఆ బిగువే పసివారికి ప్రాణాపాయము. దాగుడుమూతలలో పిల్లలు పెట్టెలో దూరుట కలదు. అమెరికాలో మూత పడగానే తనంతట తానే బిగుసుకొను తాళములుగల దేవదారు పెట్టెలలో చిక్కి బిడ్డలు ఊపిరాడక మరణించిరి. 1996లో సుమారు 1 కోటి 20 లక్షల పెట్టెల తాళములు మార్పించుటకు ప్రకటన వెలువడెను. కావున మన భోషాణమునకు అట్టి తాళము వలదు. గొళ్ళెమును, విడి తాళముకప్పయు చాలును. మూత హఠాత్తుగా పడకుండ గొలుసు వేయింపవలెను. పెట్టె నిండియున్నను ఖాళీగా నున్నను తాళము వేసి, చెవిని పిల్లలకు అందనిచోట నుంచవలెను. పాత భోషాణములున్న సభ్యులు నేడే మూతను, తాళమును పరీక్షించుకొందురు గాక.