తెలివైన విద్యుత్ వల

2012 జూలై 31 మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య భారత విద్యుత్ గ్రిడ్లు కుప్పకూలాయి. 60 కోట్ల మందికి పైగా నివసించే ప్రాంతమది! ఎందుకిలా జరిగింది? భారం మితిమీరి ఒక లైను విడిపోతే, ఆ భారం మిగతా లైన్లపై పడుతుంది. అవీ వరుసగా విడిపోతాయి.

ఈ ముప్పును ముందే పసిగట్టడానికి తోడ్పడేది స్మార్ట్ గ్రిడ్. ఇందులో విద్యుత్తుతోపాటు సమాచారం కూడా ప్రవహిస్తుంది. ఉపకేంద్రాలలోని సాధనాలు సెకనుకు అనేకసార్లు వోల్టేజిని, కరెంటును కొలిచి నియంత్రణ కేంద్రానికి పంపుతాయి. ఇంటిలోని స్మార్ట్ మీటరు ఏ వేళ ఎంత వాడారో నమోదు చేస్తుంది. కనుక వేళను బట్టి ధర నిర్ణయించవచ్చు. అప్పుడు మీరు నీళ్ళ మోటారును వాడకం ఎక్కువగా ఉండే సాయంత్రం కాక, ఎండ కాసే మధ్యాహ్నం వేశారనుకోండి. సంస్థకు భారం తగ్గుతుంది, మీకు బిల్లు తగ్గుతుంది.

అయితే, మీరు ఎప్పుడు ఇంట్లో ఉన్నారో, ఎప్పుడు లేరో కూడా ఆ లెక్కలను బట్టి ఊహించవచ్చు! అందుకే వాటిని భద్రంగా ఉంచడమూ ముఖ్యమే.