మీకు తెలుసా? ఒళ్లు తెలుపు, టాప్ నలుపు

అనంతపురం జిల్లా పామిడి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్కన కాసేపు నిలబడండి. ఒళ్లంతా ఒక రంగు, టాప్ మాత్రం మరో రంగు ఉన్న కార్లు కనిపిస్తాయి. వాటిలో కియా సెల్టోస్ మన సీమ బండే. ఇదే రోడ్డున దక్షిణంగా వెళ్తే వచ్చే పెనుకొండ దగ్గరి ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి అది 2019 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చింది. రెండు రంగుల రకాలు అప్పుడే ఉన్నాయి. (2022 దాకా పెనుకొండ కూడా అనంతపురం జిల్లాలోదే.)

రెండో రంగు ఊరికే రాదు. సాధారణంగా బాడీకి మొదటి రంగు కొట్టి, ఓవెన్‌లో కాల్చి గట్టిపరుస్తారు. తర్వాత టాప్ మినహా మిగతాదంతా ప్లాస్టిక్ షీటుతో, టేపుతో కప్పేస్తారు. టాప్‌ను సన్నగా రుద్ది, రెండో రంగు, దానిపై మెరుపు కోటింగ్ వేసి మళ్లీ ఓవెన్‌కు పంపుతారు. అసలు పనితనమంతా రెండు రంగులు కలిసే గీత దగ్గరే. టేపు తీసినప్పుడు అంచు చిట్లకూడదు, రంగు లోపలికి పాకకూడదు. రెండు రంగుల బండికి ధర ఎక్కువ ఉండడానికి ఈ అదనపు శ్రమ కూడా ఒక కారణం.

ఈ రెండు రంగుల ముచ్చట కొత్తదేం కాదు. అమెరికాలో 1924 మోడల్ ఓక్లాండ్ కారు, త్వరగా ఆరే డ్యూకో పెయింటుతో, రెండు నీలి ఛాయల్లో వచ్చింది.

మన ఎండలకు నల్ల టాప్ తెల్లదానికంటే ఎక్కువ వేడెక్కుతుంది. నన్నడిగితే, అనంతపురం వైపు తిరిగే బండికి రంగు బాడీ, తెల్ల టాపే మేలు.