పెట్టె మీది వాట్లు, లోపలి వాట్లు

పిల్లలు పదో తరగతి దాటి పి.యు.సి.లో చేరగానే మన ఇళ్ళల్లో మొదట వచ్చే ప్రశ్న "కంప్యూటర్ ఎప్పుడు కొంటారు?" అని. చేతిలో ఫోను ఉన్నా ప్రాజెక్టులు రాసుకోవడానికీ, ప్రోగ్రాములు నేర్చుకోవడానికీ అది చాలదు. లాప్‌టాప్ ధర చూసి వెనక్కి తగ్గిన తల్లిదండ్రులు, భాగాలు విడివిడిగా కొని బిగించుకునే కంప్యూటర్ వైపు చూస్తున్నారు. మంచి ఆలోచనే. అయితే అలా కొనేటప్పుడు ప్రాసెసర్ గురించి పదిమందిని అడుగుతాం, మెమరీ గురించి అయిదుగురిని అడుగుతాం. వీటన్నిటికీ కరెంటు అందించే ఎస్.ఎం.పి.ఎస్. గురించి మాత్రం ఒక్కరినీ అడగం. ఈ వ్యాసం దాని గురించే.

నేను జిగణి పారిశ్రామికవాడలో కరెంటు మరమ్మతుల పని చూస్తాను. మా ఆనేకల్ తాలూకాలో తరతరాలుగా ఉన్న తెలుగువాళ్ళూ ఉన్నారు, అనంతపురం, చిత్తూరు, కడప వైపుల నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళూ ఉన్నారు. సెలవు దొరికితే వాళ్ళ పిల్లల కంప్యూటర్లు బిగించి పెట్టడం నాకు అలవాటు. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు.

గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టుల ఏ.సి. కరెంటు. కంప్యూటర్ లోపలి భాగాలకు కావలసింది 12, 5, 3.3 వోల్టుల డి.సి. కేబినెట్ వెనకవైపు ఫ్యానుతో కనిపించే ఇనుప పెట్టె ఈ మార్పిడి చేస్తుంది. కంప్యూటర్‌లోని ప్రతి భాగమూ దాని చేతి అన్నమే తింటుందన్నమాట. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అనే కొలత ప్రవేశపెట్టింది. అందుకే ఈనాటికీ ఏ కంపెనీ ఏ.టి.ఎక్స్. పెట్టె అయినా మామూలు కేబినెట్‌లో సరిగ్గా కూర్చుంటుంది.

ఇంతకీ మన ఇంటి కంప్యూటర్‌కు ఎన్ని వాట్లు కావాలి? దుకాణంలో అడిగితే "ఎంత ఎక్కువైతే అంత మంచిది" అంటారు. మనమే లెక్క వేసుకుందాం. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో ఎక్కువ కరెంటు తీసుకునేది ప్రాసెసరే. ఇంటెల్ ఐ3-12100 రకం గట్టిగా పనిచేసేటప్పుడు తీసుకునే గరిష్ఠం 89 వాట్లు. మదర్‌బోర్డుకు ఓ 30, మెమరీకీ డిస్కుకూ ఫ్యాన్లకూ కలిపి ఓ 20 వేసుకున్నా మొత్తం 140 దాటదు. ఉత్తరాలు రాసుకుంటూ, పాఠాలు చూస్తూ ఉంటే 60 వాట్లు కూడా ఎక్కువే. రేపు చిన్న గ్రాఫిక్స్ కార్డు పెట్టాలనుకున్నా, వేరే తీగ అక్కరలేని రకం మదర్‌బోర్డు నుంచి తీసుకునేది 75 వాట్లకు మించదు. అంటే 300 నుంచి 450 వాట్ల లోపు నిజమైన ఎస్.ఎం.పి.ఎస్. మనకు ధారాళంగా సరిపోతుంది. ఇందులో "నిజమైన" అన్న మాటే ముఖ్యం.

మా వీధిలో కదిరి నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఉంది. భర్త గ్రానైటు యూనిట్‌లో పని, ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పెద్ద పిల్ల కోసం వాళ్ళు అంతకుముందు పాత కంప్యూటర్ ఒకటి కొన్నారు. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చేసరికి దాని ఎస్.ఎం.పి.ఎస్. కాలింది. అది ఒంటరిగా పోలేదు. మదర్‌బోర్డునూ హార్డ్‌డిస్కునూ వెంట తీసుకుపోయింది. పిల్ల రెండేళ్ళుగా రాసుకున్న నోట్సూ, ఊళ్ళో గృహప్రవేశం ఫోటోలూ ఆ డిస్కులోనే ఉండేవి. మళ్ళీ కూడబెట్టిన పాతికవేలతో కొత్తది కొనబోతూ ఆమె నన్ను అడిగింది.

"కేబినెట్‌తో బాటే ఇస్తామంటున్నారు కదన్నా, మళ్ళా దానికి వేరే దుడ్డు ఎందుకు?"

"కాలిన పెట్టెను ఒకసారి చూపించమ్మా" అన్నాను.

దాని పక్కన 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది. కింద చిన్న అక్షరాల పట్టికలో 12 వోల్టుల ఎదురుగా 14 ఆంపియర్లు అని ఉంది. రెండూ గుణించమన్నాను. పిల్లే లెక్క చేసి 168 వాట్లు అంది. ఈనాటి కంప్యూటర్లలో ప్రాసెసర్, ఫ్యాన్లు, గ్రాఫిక్స్ కార్డు దాదాపు అన్నీ 12 వోల్టుల మీదే నడుస్తాయి. మిగతా వాట్లను 5, 3.3 వోల్టుల లెక్కలో చూపించినా వాటితో మనకు పెద్దగా పని లేదు. నిజమైన 450 వాట్ల పెట్టెలో 12 వోల్టుల దగ్గర 35 ఆంపియర్ల వరకు ఉంటుంది. అంటే 420 వాట్లు. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు.

వాట్లు తక్కువైనందుకే అది కాలిందని అనుకోకండి. పాత కంప్యూటర్‌కు ఆ 168 కూడా సరిపోయి ఉండవచ్చు. అసలు లోటు రక్షణ ఏర్పాట్లలో ఉంటుంది. మంచి ఎస్.ఎం.పి.ఎస్. తనకు ఏదైనా అయితే వోల్టేజి పెరగకుండా వెంటనే ఆగిపోతుంది. తాను పోయినా మిగతావాటిని కాపాడుతుంది. చౌకరకంలో మొదట తగ్గించేది ఈ రక్షణనే. తరువాత తగ్గించేవి ఇన్‌పుట్ ఫిల్టరు, తీగల మందం, కెపాసిటర్ల నాణ్యత. చేత్తో పట్టుకుంటే మరీ తేలిగ్గా ఉంటే అనుమానించవలసిందే.

మరి చూడకుండానే మంచిచెడులు ఎలా తెలుస్తాయి? 2004లో అమెరికాలో "80 ప్లస్" అనే ధ్రువీకరణ మొదలైంది. పెట్టెను దాని శక్తిలో 20, 50, 100 శాతం బరువు మీద పరీక్షించి, కనీసం 80 శాతం కరెంటు వృథా కాకుండా అందిస్తేనే ఆ గుర్తు ఇస్తారు. బ్రాంజ్ అంటే దానికి ఒక మెట్టు పైన. ఈ గుర్తు రక్షణకు పూర్తి హామీ కాదు గాని, రాసిన వాట్లు నిజంగా ఇస్తుందని పరీక్షలో తేలిందన్న ధైర్యం ఉంటుంది.

కరెంటు బిల్లులో ఎంత మిగులుతుందో కూడా చెబుతాను. కంప్యూటర్‌కు 60 వాట్లు కావాలంటే, 65 శాతం సామర్థ్యం ఉన్న పెట్టె గోడ నుంచి 92 వాట్లు లాగుతుంది. 85 శాతం ఉన్నది 71 లాగుతుంది. రోజుకు అయిదు గంటల వాడకానికి ఏడాదికి సుమారు 40 యూనిట్ల తేడా. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే 240 రూపాయలు. గొప్ప ఆదా ఏమీ కాదు. మంచిది కొనవలసింది బిల్లు కోసం కాదు, దాని మీద ఆధారపడ్డ మిగతా ఇరవైవేల సామాను కోసం. అలాగని 750 వాట్లది కొనడమూ దండగే. 60 వాట్ల వాడకం దాని శక్తిలో 8 శాతం మాత్రమే. అంత తక్కువ బరువు మీద ఎలా పనిచేస్తుందో బ్రాంజ్ పరీక్షలో చూడరు.

బెంగళూరులో ఈ సామాను దొరికే చోటు సదర్ పత్రప్ప రోడ్డు. అందరూ ఎస్.పి. రోడ్డు అంటారు. ఆ కుటుంబంతో నేనూ వెళ్ళాను. పేరులేని పెట్టె ఏడెనిమిది వందలు చెప్పారు, 80 ప్లస్ గుర్తున్న 450 వాట్లది మూడువేలకు కాస్త తక్కువ చెప్పారు. రంగుదీపాలూ అద్దం తలుపూ ఉన్న కేబినెట్ వద్దనుకుని, సాదా కేబినెట్ తీసుకుంటే ఆ తేడాలో చాలా భాగం సర్దుకుంది. తగ్గించుకోవలసిన చోటు అదీ.

ఆఫీసుల నుంచి వచ్చే పాత బ్రాండెడ్ కంప్యూటర్లు కూడా మంచి బేరమే. వాటి చిన్న పెట్టెల్లో 180 నుంచి 260 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్.లు ఉంటాయి. అవి తక్కువని భయపడనక్కరలేదు. కాని వాటి ఆకారమూ, తీగల కొనలూ వేరుగా ఉంటాయి. పాడైతే మామూలు ఏ.టి.ఎక్స్. పెట్టె అందులో పట్టదు.

ఇంట్లో చూసుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. కేబినెట్ తాకితే జివ్వుమంటే అది సాధారణంగా ఎర్తింగ్ లేదని చెప్పే గుర్తు. అద్దె ఇల్లయినా సరే, యజమానికి చెప్పి ఎర్త్ సరిచేయించండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌లో ఎలాగో దూర్చే పని చేయకండి. ఇన్వర్టర్ ఉంటే దాని వెనక మీటను యు.పి.ఎస్. వైపు పెట్టండి. కరెంటు పోయాక ఎస్.ఎం.పి.ఎస్. సుమారు 16 మిల్లీసెకన్లే ఓర్చుకుంటుంది. ఇన్వర్టర్ అంతలో అందుకోకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది. కొన్ని చౌక పెట్టెల వెనక 115, 230 అని ఎర్రమీట ఉంటుంది. పిల్లలు ఆడుకుంటూ దాన్ని 115కి జరిపి స్విచ్ వేస్తే ఢామ్మని పేలుతుంది. రెండు వోల్టేజీలకూ తనంతట తానే సర్దుకునే రకానికి ఆ మీటే ఉండదు. ఏ పెట్టెనైనా ఇంట్లో విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా లోపల ప్రమాదకరమైన వోల్టేజి కొంతసేపు నిలిచి ఉంటుంది.

దుకాణానికి వెళ్ళేముందు ఒక చీటీ మీద ఈ నాలుగూ రాసుకోండి. 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు? 80 ప్లస్ గుర్తు ఉందా? వారంటీ ఎన్నేళ్ళు, ఎవరు ఇస్తారు? బిల్లులో ఎస్.ఎం.పి.ఎస్. పేరు విడిగా రాస్తారా? నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పిన దుకాణంలో నూరో యాభయ్యో ఎక్కువైనా అక్కడే కొనండి.