పాత కారునకు క్రొత్త రంగు

చీర యింట నున్నచో దానికి తగిన రవికగుడ్డకై అంగడికి పోవుదుము. రవికగుడ్డ అందముగా నున్నదని ముందు దానిని కొని, పిదప దానికై చీరను వెదకుట పొదుపెఱిగిన యిల్లాలి పని కాదు. ఉన్నదానికి తగినట్లుగా కొనబోవుదానిని ఎన్నుకొనవలెననుట సంసారమున మొదటి పాఠము. ఈ చిన్న పాఠమే యొక పాత మోటారుకారు విషయమున మా చెల్లెలి కుటుంబమునకు కొంత ధనమును, ధనముకంటె విలువైన మఱియొకదానిని కాపాడినది. సోదరీమణుల కుపయోగపడునని ఆ వృత్తాంతమును వ్రాయుచున్నాము.

మా చెల్లెలును మఱిదియు ఇంగ్లండులో నివసించుచున్నారు. మఱిదికి చిన్ననాటినుండియు స్పోర్ట్సు కారులపై మక్కువ. క్రిందటి యేడు అతడు 1965లో తయారైన ఎం.జి.బి. కారు నొకదానిని కొనెను. ఇద్దఱు కూర్చుండునది, పైకప్పు మడిచి పెట్టుకొనదగినది. ఎం.జి. యనునవి మోరిస్ గారేజస్ అను పేరులోని తొలి యక్షరములు. ఆక్స్‌ఫర్డు పట్టణమున పుట్టిన యా సంస్థ 1929లో చేరువనున్న ఆబింగ్డన్‌నకు తరలినది. ఎం.జి.బి. 1962లో వెలువడి 1980 వఱకు అచ్చట తయారైనది. అన్నియు కలిసి అయిదు లక్షలకు పైబడినవి. 2019 నుండి మన దేశపు వీధులలో కనబడుచున్న ఎం.జి. కారులది ఆ పేరే గాని, యజమానులు మాఱిరి.

వెనుకటి యజమాని ఆ కారునకు ఎఱ్ఱరంగు వేయించెనట. అది యెండకు వెలిసి గులాబివన్నెకు తిరిగినది. మఱిదికి ఆకుపచ్చ యిష్టము. బ్రిటిషు రేసింగ్ గ్రీన్ అని ఆ దేశపు పందెపు కారులకు వాడుకయైన ముదురురంగు. చెల్లెలికి నలుపు ముచ్చట. చేత నున్నది రెండువేల పౌనులు. మొదటినుండి తుదివఱకు అంతయు కర్మశాలవారే చేసినచో దానికి పలురెట్లగునని తెలిసినది. "అక్కయ్యా, రంగులపొత్తు నీకు బాగుగా తెలియును. ఆకుపచ్చయా, నలుపా?" యని చెల్లెలు వ్రాసినది.

మేము ముందుగా కారు లోపలి ఛాయాచిత్రములు పంపుమంటిమి. ఆసనములు ఎఱ్ఱతోలువి. అరువదేండ్లు గడచినను ఎచ్చటను చినుగలేదు. తలుపుల లోపలి పలకలును, తివాచీయు ఎఱుపే. ఇదియే మేము చెప్పిన యింట నున్న చీర. పైన ఆకుపచ్చ పూసినచో లోని యెఱుపు దానితో పోరాడును. ఆ పోరు మాన్పుటకు ఆసనములు, పలకలు, తివాచీ అన్నియు నల్లవి కొనవలసివచ్చును. రంగునకు దాచిన సొమ్ము తోలునకు చాలదు.

కర్మాగారమువారును తొలియేండ్లలో ఈ పొత్తును పాటించిరి. ఓల్డ్ ఇంగ్లీషు వైట్ అను మీగడవన్నె తెలుపునకు ఎఱ్ఱనివో నల్లనివో ఆసనములు, ఐరిస్ బ్లూ అను లేతనీలమునకు నీలమో నలుపో, ముదురాకుపచ్చకు నలుపు. కావున లోన నెఱుపున్నదనగా పైన ఆకుపచ్చ మొదట ఉండియుండదని యూహించి, తలుపులోని పలకను విప్పి చూడుమని వ్రాసితిమి. పలక వెనుక ఎండ తగులనిచోట మీగడవంటి తెలుపు మిగిలియున్నది! ఇట్టి సందేహము తీర్చుకొనుటకు వేఱొక మార్గమును కలదు. గేడన్‌లోని బ్రిటిషు మోటారు మ్యూజియమువారు రుసుము గైకొని, పాత కర్మాగారపు చిట్టాలను చూచి, ఫలాని కారు ఏ రంగున, ఏ యాసనములతో వెలువడెనో ధ్రువపత్రము నిత్తురు.

తొలిరంగునకే మరలుట వలన లాభము లున్నవి. రంగు మార్చినచో తలుపుల సందులు, ఇంజనుగది, సామానుల అఱ అన్నియు క్రొత్తగా పూయవలెను. లేకున్న తలుపు తెఱచినంతనే గుట్టు బయటపడును. ఆ దేశమున కారు రంగు మారినపుడు ప్రభుత్వపు నమోదు పత్రమునందును మార్పించుకొనవలెను. తెలుపున కింకొక సుగుణము కలదు. పలకలోని చిన్న యెగుడుదిగుడులను అది కప్పిపుచ్చును. నలుపు అద్దమువలె మెఱయుచు ప్రతి సొట్టను చాటిచెప్పును. లోహకాంతి గల రంగులు కంటి కింపైనను, వానిపై వేఱుగా పారదర్శకపు పూత పూయవలెను. తరువాత గీత పడినచో ఆ చోటు మాత్రము దిద్దుట కష్టము. పేదకు తగినది సాదారంగు.

రంగుల తగవు ఇట్లు తీరినదనుకొంటిమి. అంతలో జాబు చివరనున్న వాక్యముపై మా దృష్టి పడినది: "ఖర్చు తగ్గుటకు ఆయన స్ప్రేగన్ను కొన్నారు. టూప్యాక్ రంగు తెచ్చి ఆదివారమునాడు ఇంటి ప్రక్క గారేజిలో తామే కొట్టుదురు. బాబునకు ఉబ్బసము గదా, ఆ పూట మేడమీది గదిలో నుంచెదను." దానిని చదివినపిమ్మట తెలుపు, నలుపు అన్నియు మఱచితిమి.

టూప్యాక్ అనగా రెండు డబ్బాలలోనివి కలిపి కొట్టు రంగు. రంగు ఒక డబ్బాలో, గట్టిపఱచు ద్రవము వేఱొక డబ్బాలో వచ్చును. ఆరిన పిదప అది చాల గట్టిగా నుండి, పెట్రోలు చిందినను చెడదు. కాని సామాన్యముగా ఆ గట్టిపఱచు ద్రవమున ఐసోసయనేట్లు ఉండును. తుంపరగా కొట్టినపుడు అవి గాలిలో కలిసి ఊపిరితిత్తులలోనికి పోవును. బ్రిటనులో పనివలన కలుగు ఉబ్బసమునకు ఇవి ముఖ్యకారణములలో నొకటి. ఒకసారి శరీరమునకు అవి పడనిస్థితి వచ్చినచో, అటుపిమ్మట అణువంత సోకినను ఊపిరి ఆడదు. వాసన రాలేదు గదా యని ధైర్యపడుటకు వీలులేదు. కన్నులకు కనబడని తుంపర పని ముగిసినపిదపను గదిలో నిలిచియుండును. బొగ్గు నింపిన సామాన్యపు ముసుగు దీనికి చాలదు. గొట్టముద్వారా బయటి మంచిగాలి వచ్చు ముసుగు కావలెను. గాలిని పీల్చివడకట్టు ప్రత్యేకపు గది కావలెను. ఇంటిగోడ నంటియున్న గారేజి ఆ గది కాదు. మేడమీది తలుపు ఆ ముసుగు కాదు.

మేము వెంటనే టెలిఫోను చేసితిమి. మఱిది మొదట నవ్వెను. "వదినగారూ, ముసుగు కొన్నాను. ఇక్కడ అందఱును చేయుచునే యున్నారు" అనెను. మేము వాదింపలేదు. డబ్బామీద నంటించిన చీటిని బిగ్గరగా చదివి వినిపింపుమని మాత్రము కోరితిమి. అతడు చదువ నారంభించెను. మూడవ పంక్తికి గొంతు తగ్గినది. పూర్తియైన పిదప కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. మఱునాడు ఆ డబ్బాలను మూత తీయకయే అంగడివానికి తిరిగి యిచ్చెను.

అయినచో రెండువేల పౌనులతో పని యెట్లు జరిగినది? రంగుపనిలో హెచ్చుభాగము తుంపర కొట్టుట కాదు; అంతకుముందు చేయవలసిన చాకిరి. కర్మశాలవారు కూలి గైకొనునది ముఖ్యముగా దానికే. ఆ చాకిరి వారు తమ చేతులతో చేసికొని, తుదిపూత మాత్రము తగిన గది గల కర్మశాలకు అప్పగించిరి. పని జరిగిన వరుస యిది.

మొదట త్రుప్పు. ఈ కారునకు వేఱుగా చట్రము లేదు. తలుపుల క్రింది దూలములే దాని బలము. అవి త్రుప్పుతిని పైన లప్పముతో కప్పబడియున్నచో, ఎంత మంచి రంగైనను శవమునకు సింగారమే. గుడ్డ చుట్టిన అయస్కాంతమును అంచులవెంబడి నడపినచో, లప్పము దట్టముగా నున్నచోట అది అంటుకొనదు. బానెట్టున మాత్రము ఎచ్చటను అంటుకొనలేదని చెల్లెలు భయపడినది. ఆ యేండ్లలో బానెట్టు అల్యూమినియముది, దోషము కాదు. అల్యూమినియము బయటపడినచోట దానికి తగిన వేఱు ప్రైమరు పూయవలెను.

పిదప పాత పూతను గీకుట. ఆ కాలపు రంగులలో సీసముండవచ్చును గనుక, పొడిగా గీకి దుమ్ము రేపక, తడిపి రుద్దిరి. బాబును దగ్గఱకు రానీయలేదు. పనిబట్టలను వేఱుగా నుతికిరి. లప్పము పెట్టినచోట్ల మాత్రము నీరు తగులనీయలేదు, అది తడిని పీల్చుకొనును గనుక. అచ్చట తగిన ముసుగు ధరించి, ఉప్పుకాగితముతో పొడిగానే రుద్ది, దుమ్మును యంత్రముతో లాగిరి.

తుదకు, బ్రష్షుతో పూయదగిన సాదా ప్రైమరు పూసి, దానిపై పలుచగా నల్లరంగు తుడిచి మరల రుద్దిరి. నలుపు పోక నిలిచినచోటు పల్లమని తెలియును. ఇది ముగ్గు వేయుటకు ముందు నేలను చదును చూచుటవంటిది. ప్రైమరు తేమను ఆపలేదు గనుక కారును వానలో విడువలేదు. ఏ ప్రైమరు పూయవలెనో కర్మశాలవారిని ముందే యడిగిరి. పొత్తు కుదరని పూతపై తుదిరంగు ముడుతలు పడును గదా. ఇంత చాకిరికి తొమ్మిది వారములు పట్టినది.

ఇప్పుడా కారు మీగడతెలుపున, ఎఱ్ఱని యాసనములతో, పుట్టిననాటి రూపమున నున్నది. రెండువేలలో ఎనుబది పౌనులు మిగిలినవట. మిగిలినదానితో చెల్లెలు ఆసనముల తోలునకు నూనె కొన్నది. మొన్న పంపిన ఛాయాచిత్రమున బాబు చుక్కాని పట్టుకొని కూర్చుండియున్నాడు.

మనలో పాత కారు లున్నవారు కొందఱే. కాని బీరువాకు, ఊయలకు, ఇనుప ద్వారమునకు రంగు వేయింపని యిల్లు లేదు. రంగు ఏదని అడుగుటకుముందు, డబ్బామీది చీటిని చదువుడు. తరువాత ఇంట నేమున్నదో చూడుడు. ఆ పిమ్మట రంగు నెన్నుకొనుడు.