చాకును పదునును: మడతకత్తి నిత్యోపయోగమును గూర్చిన పదపరిశీలనము

తెలుగు గృహములలో నేడు 'చాకు' అని వ్యవహరింపబడు పనిముట్టు పేరు దేశ్యము కాదు. తుర్కీ మూలము నుండి ఫారసీ ద్వారమున వచ్చిన యీ పదము హిందీ, మరాఠీ, కన్నడములందును కలదు. 'కత్తి' తమిళ కన్నడ మలయాళములకును సమానమైన ద్రావిడ పదము. సంస్కృత 'ఛురిక'కు బెంగాలీ, ఒడియాలలో 'ఛురి'యు, తెలుగున 'చూరి'యు సంబంధులు. పనిముట్టు పేర్లు ఇట్లు పలు దిక్కుల నుండి వచ్చినను, దాని పోషణమును దెలుపు పదములలో పెక్కు అచ్చతెలుగువే. ఇందులకు కారణము వాడుకలోనే యున్నది.

జేబున నుండు పాతకాలపు మడతకత్తికి అలుగొకటి, పిడి యొకటి. పండు కోయుట, త్రాడు తెంచుట, పుల్ల చీల్చుట, కలము చెక్కుట అన్నియు దానితోనే జరిగెడివి. ఫారసీ 'కలంతరాష్', తమిళ 'పేనాక్కత్తి' అను పేర్లు ఈ చివరి పనినే సూచించుచున్నవి. తాటియాకుల కాలమున కొన్ని గంటములకు ఒక కొన వ్రాతకును, వేఱొక కొన ఆకు కోయుటకును అమరియుండెడిది. కావున ఒక పనిముట్టున పలు పనులను చేర్చుట ఆధునికుల కల్పన మాత్రమే కాదు.

ఆధునికమైన చాకునకు ప్రసిద్ధోదాహరణము స్విట్జర్లాండున కార్ల్ ఎల్స్‌నర్ 1897లో రూపొందించిన సైనికాధికారుల కత్తి. 1913లో షెఫీల్డున హారీ బ్రియర్లీ క్రోమియము కలిపిన ఉక్కును తయారుచేసిన పిమ్మట తుప్పుపట్టని అలుగులు వ్యాప్తిలోనికి వచ్చినవి. వీని మేలు కాదనరానిది. మామిడికాయనో అరటికాయనో కోసినపుడు పాత ఉక్కు నల్లబడును. కాయలోని పులుపు, వగరు ఇనుముతో కలియుటయే దీనికి హేతువు. కొత్త అలుగునకు ఆ దోషము లేదు. అయినను పాత అలుగును మొద్దువారినపుడు సామాన్యమైన రాతిపై నాలుగుమార్లు రుద్దిన మరల తెగును. చౌక రకపు కొత్తచాకును మొద్దువారినంతనే పాఱవేసి వేఱొకటి కొనుటయే నేడు వాడుక. మొదటిదాని ఉపయోగము యజమాని చేతిలో నున్నది. రెండవదాని ఉపయోగము అంగడిలో నున్నది.

భాషకు సంబంధించిన విషయ మిచటనే కలదు. కత్తిని 'నూరు' వాడే పండ్లు నూరుటను ఎఱుగును. కత్తికి 'పదును' పెట్టువాడే నేల పదునును, బుద్ధి పదునును ఎఱుగును. కన్నడ 'హద' దీనికి సోదరపదము. అలుగు 'మొక్కవోవుట' నుండియే 'మొక్కవోని ధైర్యము' పుట్టినది. 'సాన' యొక్కటే సంస్కృత 'శాణ' భవము. పనిముట్టు పేరును కొని తెచ్చుకొనవచ్చును గాని, చేతిపని వలన కలిగిన క్రియాపదము నట్లు తెచ్చుకొనుట సాధ్యము కాదు.

ఆదిత్యపూర్ వంటి స్థలమున ఈ సంగతి స్పష్టమగుచున్నది. ఖర్కాయి నదికి ఆవలి గట్టున జంషెడ్‌పూరున 1912లో ఉక్కు తయారీ ఆరంభమైనది. ఈవలి గట్టున పారిశ్రామికవాడలో యంత్రములు లోహమును రేయింబవళ్లు కోయుచు చెక్కుచున్నవి. ఉద్యోగార్థము వచ్చి ఈ ప్రాంతమున స్థిరపడిన తెలుగువారికి హిందీ, బెంగాలీ, ఒడియాలతోడి సహవాసము నిత్యము. హిందీయందును అదియే గనుక 'చాకు' నిలుచును. ఇంట కత్తి నూరుటయే లేనిచో 'మొక్కవోవు' నిలుచుటకు ఆధార మేమి? ఉక్కు నడుమ నివసించుచు పదును మాటలను కోల్పోవుట విచారింపదగిన విషయము.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశము మొదటి సంపుటము వ్యవసాయ పదములను భద్రపఱచినది. అట్టి సేకరణము వలస గృహముల వంటయిండ్లకును వ్యాపింపవలయును. ప్రశ్నావళిలో 'దీని పేరేమి?' అనుటతో ఆగక, 'ఇది తెగనపు డేమి చేయుదురు?' అనియు అడుగవలయును. మొదటి ప్రశ్నకు ఒక నామపదము లభించును. రెండవదానికి ఒక వ్యవహారమే లభించును.