"మా వంశమే చిన్నది సిస్టరమ్మా!"

గాజువాక నుంచి కాన్పుకు వచ్చిన ఒక అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండిన బిడ్డే, కాని తూకం 2 కిలోల 100 గ్రాములు. రెండున్నర కిలోలైనా ఉండాలని చెబితే అమ్మమ్మ నవ్వేసింది. "మా వంశమే చిన్నది సిస్టరమ్మా, మేమందరం ఇంతే." లేబర్ వార్డులో ముప్ఫై ఏళ్ళుగా వింటున్న మాట ఇది. ఇందులో నిజమెంతో చూద్దాం.

ఎ, బి, ఓ బ్లడ్ గ్రూపు ఒక్క జన్యువు సంగతి. నాలుగింటిలో ఏదో ఒకటి ఉంటుంది. బరువు, ఎత్తు, బి.పి. అలా కాదు, కొలిచి చెప్పవలసినవి. ఎన్నో జన్యువులు తలా కొంచెం చేరిస్తే ఇలాంటి కొలతలు వస్తాయని 1918లో ఇంగ్లండుకు చెందిన ఆర్.ఎ. ఫిషర్ లెక్కలతో చూపించారు. వందమంది తలో రూపాయి వేసిన చందా లాంటిది. ఎవరి రూపాయి ఏదో విడదీయడమే కష్టం.

అందుకు వేలాదిమంది బిడ్డల పుట్టిన బరువు, డీఎన్ఏ కావాలి. మనిషికీ మనిషికీ డీఎన్ఏలో లక్షల చోట్ల ఒక్కో అక్షరం తేడా ఉంటుంది. ఈ అక్షరం ఉన్న బిడ్డలు ఆ అక్షరం ఉన్నవారికన్నా సగటున బరువుగా ఉన్నారా అని ప్రతి చోటా లెక్క చూస్తారు. తేడా కాకతాళీయం కాదని తేలిన చోట గుర్తు పెడతారు. జన్యుపటం అలా తయారవుతుంది. (మా విద్యార్థినులు బద్ధకంగా నింపే రిజిస్టరులోని తూకం గడి వంటిదే దీనికి ముడిసరుకు!)

ఐరోపావారిలో దొరికిన 196 గుర్తులను హైదరాబాదు సీసీఎంబీకి చెందిన గిరిరాజ్ చందక్ బృందం భారత్, బంగ్లాదేశ్‌లలోని ఏడు అధ్యయనాల వారిలో పరిశీలించి, 2022లో ఫలితాలు ప్రచురించింది. బిడ్డ జన్యు స్కోరు గణాంకాల లెక్కలో ఒక మెట్టు పెరిగితే బరువు సుమారు 50 గ్రాములు పెరిగింది. అంటే ఒక కోడిగుడ్డంత. ఐరోపా బిడ్డల్లోనూ దాదాపు అంతే. జన్యువులు అక్కడా ఇక్కడా ఒకేలా పనిచేస్తున్నా మన బిడ్డలు బాగా చిన్నగా పుడుతున్నారు. ఆ లోటుకు ఈ గుర్తులు సమాధానం చెప్పలేవు. తల్లి శరీర పరిమాణం, ఆరోగ్యం, తిండి వంటివి కారణం కావచ్చునని శాస్త్రజ్ఞులు రాశారు. ఆ బిడ్డ స్కోరుకే పెద్దయ్యాక పరగడుపు షుగరుతోనూ సంబంధం కనబడింది. కనుక ఇది పురిటితో పోయే సంగతి కాదు.

ఆ అమ్మాయి కార్డు తిరగేశాను. ఏడో నెలలో హిమోగ్లోబిన్ 7.6. విరేచనం నల్లగా అవుతోందని ఐరన్ మాత్రలు మానేసిందట. అదొక్కటే కారణమని నేననను. అమ్మమ్మకు చూపించాను. ఈసారి నవ్వలేదు. "మరి ఇప్పుడేం పెట్టమంటారు?" అని అడిగింది. గుడ్డు, పప్పు, ఆకుకూర రోజూ పెట్టమని, మాత్రలు ఆపవద్దని, బిడ్డను వారానికోసారి తూకానికి తెమ్మని చెప్పాను.