రిపోర్టు నార్మల్... మరి ఈ తిమ్మిర్లేమిటి?

నరాల పరీక్షంటే మరేం లేదు, చర్మం మీద చిన్న కరెంటు షాకులిచ్చి, సంకేతం నరంలో ఎంత వేగంగా పోతోందో కొలవడం. చురుక్కుమంటుందంతే. నా రిపోర్టు నార్మలొచ్చింది. ‘నీదంతా భ్రమ’ అన్నారు మావారు. భ్రమైతే అర్ధరాత్రి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువెందుకొస్తుంది? మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయే ‘కార్పల్ టన్నెల్’ జబ్బు తొలిరోజుల్లో ఈ పరీక్షకు దొరక్కపోవచ్చని తర్వాత చూసిన డాక్టరమ్మ చెప్పారు. రాత్రిళ్లు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోమన్నారు, తిమ్మిర్లు తగ్గాయి.

నొప్పినీ మంటనూ మోసే సన్నటి నరాలైతే ఈ పరీక్షకు అసలు అందవట. అందుకే షుగరున్నవాళ్లకు అరికాళ్లు మండుతున్నా రిపోర్టు బాగానే రావచ్చు. చెయ్యి చల్లబడితే వేగం తగ్గి, లేని జబ్బూ ఉన్నట్టు కనిపించొచ్చు! ఏసీ గదైతే చెయ్యి వెచ్చబెట్టి చూడమని మొహమాటపడకుండా అడగండి. తిమ్మిరి ఏయే వేళ్లకో కూడా చెప్పండి. చిటికెనవేలి నరం వేరు.